కళాశాల ఫుట్‌బాల్ కోచ్ ఉద్యోగం: మైదానం పని, కాగితం పని

ఈ నెల మాకు అందిన ఉత్తరాలలో ఎక్కువ భాగం కళాశాల క్రీడల గురించి, ముఖ్యంగా ఫుట్‌బాల్ శిక్షకుడి వృత్తి గురించి ఉన్నాయి. కొన్నింటిలో అడిగిన విషయమే మళ్లీ మళ్లీ రావడం వల్ల వాటిని కలిపి, పాఠకుల పేర్లు లేకుండా ఊరి పేర్లతో మాత్రమే ప్రచురిస్తున్నాం. జవాబులు రాసినవారు రాయలసీమ కళాశాలల్లో చాలాకాలం ఫిజికల్ డైరెక్టర్‌గా పనిచేసి పదవీ విరమణ చేశారు.

ప్రశ్న: నేను అనంతపురంలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. మా కళాశాల జట్టులో మిడ్‌ఫీల్డర్‌గా ఆడుతున్నాను. కళాశాల ఫుట్‌బాల్ కోచ్‌గా స్థిరపడాలని నా కోరిక. కొందరు వ్యాయామ విద్యలో డిగ్రీ అయిన బి.పి.ఎడ్. చేయమంటున్నారు, మరికొందరు కోచింగ్ లైసెన్సు ఉంటే చాలంటున్నారు. ఏ దారిలో వెళ్లాలి? (డిగ్రీ విద్యార్థి, అనంతపురం)

జవాబు: మీకు సలహా ఇచ్చినవారు ఇద్దరూ నిజమే చెప్పారు, కానీ వేర్వేరు ఉద్యోగాల గురించి చెప్పారు. మన ప్రభుత్వ, ఎయిడెడ్ డిగ్రీ కళాశాలల్లో ‘ఫుట్‌బాల్ కోచ్’ అనే పోస్టు సాధారణంగా ఉండదు. ఉన్నది ఫిజికల్ డైరెక్టర్ పోస్టు. ఆ ఉద్యోగంలో ఉన్నవారు ఫుట్‌బాల్ నేర్పవచ్చు, కానీ దానితో పాటు కబడ్డీ, వాలీబాల్, అథ్లెటిక్స్, చెస్ జట్లను తయారుచేసి పంపే బాధ్యత కూడా వారిదే. 2018 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం ఆ పోస్టుకు వ్యాయామ విద్యలో లేదా క్రీడా శాస్త్రంలో 55 శాతం మార్కులతో పీజీ ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీలేయర్ ఓబీసీ అభ్యర్థులకు, దివ్యాంగులకు ఇందులో 5 శాతం సడలింపు ఉంది. దానితో పాటు అధ్యాపక అర్హత పరీక్షలైన నెట్ లేదా సెట్ ఉత్తీర్ణత గానీ, పీహెచ్.డి. గానీ ఉండాలి. విశ్వవిద్యాలయం తరఫునో, కళాశాల తరఫునో, రాష్ట్ర లేదా జాతీయ స్థాయి పోటీల్లోనో ఆడినట్టు రుజువు ఉండాలి. చివరగా శారీరక దారుఢ్య పరీక్షలో నెగ్గాలి. పురుషులకు ఇది 12 నిమిషాల పరుగు. 30 ఏళ్ల లోపువారు 1800 మీటర్లు, 40 ఏళ్ల లోపువారు 1500 మీటర్లు పూర్తిచేయాలి. ఇప్పుడు మీకు ఆ దూరం ఒక లెక్కలోది కాకపోవచ్చు. అయితే పీజీ, నెట్ అంటూ ఏళ్ల తరబడి పుస్తకాల ముందు కూర్చుని, ఆ తర్వాత ఒక్క నెలలో మళ్లీ పరుగు అందుకోవాలనుకునేవారు ఈ పరీక్షలోనే దెబ్బతింటారు. కనుక పరుగు మానవద్దు.

ఈ దారిలో మీ మొదటి మెట్టు ప్రవేశ పరీక్ష అయిన పీఈసెట్‌లో నెగ్గి రెండేళ్ల బి.పి.ఎడ్.లో చేరడం, ఆ తర్వాత వ్యాయామ విద్యలో పీజీ అయిన రెండేళ్ల ఎం.పి.ఎడ్. చేయడం. పీఈసెట్ కూర్చుని రాసే పరీక్ష కాదు, పరుగు, గెంతడం, విసరడంతో పాటు మీరు ఎంచుకున్న ఆటలో నైపుణ్యాన్ని కూడా మైదానంలోనే చూస్తారు.

లైసెన్సుల దారి వేరు. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఇచ్చే డి లైసెన్సుతో మొదలై, ఆసియా సమాఖ్య గుర్తింపున్న సి, బి, ఎ లైసెన్సుల మీదుగా ప్రో లైసెన్సు వరకు ఆ వరుస సాగుతుంది. ఇండియన్ సూపర్ లీగ్‌లో ప్రధాన శిక్షకుడు కావాలంటే ప్రో స్థాయి కావాలి. అకాడమీలు, క్లబ్బులు, ప్రైవేటు పాఠశాలలు చూసేది ఈ లైసెన్సునే. వీటికి తోడు పాటియాలాలో 1961లో ఏర్పడిన జాతీయ క్రీడా సంస్థ, మనం ఎన్.ఐ.ఎస్. అని పిలిచేది, ఒక ఏడాది శిక్షణ డిప్లొమా ఇస్తుంది. ప్రభుత్వ క్రీడా ప్రాధికార సంస్థల్లో కోచ్ పోస్టులకు ఆ డిప్లొమాకు ఇప్పటికీ విలువ ఉంది.

నా సలహా సూటిగా చెబుతాను. బి.పి.ఎడ్.లో చేరండి, ఆ రెండేళ్లలోనే ఒక వేసవి సెలవులో డి లైసెన్సు పూర్తిచేయండి. మొదటిది ఉద్యోగ అర్హతకు తొలి మెట్టు అవుతుంది, రెండవది పదిమంది పిల్లలను మైదానంలో నిలబెట్టి ఒక గంట సమయాన్ని ఎలా గడపాలో నేర్పుతుంది. మన వ్యాయామ కళాశాలల్లో చదువు విశాలంగా ఉంటుంది, కానీ ఒక్క ఆటలో లోతు తక్కువ. ఆ లోటును లైసెన్సు కోర్సు కొంత తీరుస్తుంది. మీరు అనంతపురంలోనే ఉన్నారు కనుక మరో అవకాశం కూడా ఉంది. విసెంటె ఫెర్రర్ 1969లో స్థాపించిన గ్రామీణాభివృద్ధి సంస్థ, అంటే ఆర్.డి.టి., నడిపే అనంతపురం స్పోర్ట్స్ విలేజ్‌లో పల్లె పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతున్నారు. అనుమతి తీసుకుని సాయంత్రాలు అక్కడి అభ్యాసాన్ని గట్టు మీద కూర్చుని చూడండి. కోచ్ ఎంతసేపు మాట్లాడుతున్నాడు, పిల్లల కాళ్లకు బంతి ఎన్నిసార్లు తగులుతోంది అన్న రెండు విషయాలను నోటుపుస్తకంలో రాసుకుంటే చాలు, శిక్షణ అంటే ఏమిటో సగం తెలుస్తుంది.

మరొక్క మాట. ఇప్పటివరకు ఆడిన ప్రతి అంతర్ కళాశాల టోర్నమెంటు సర్టిఫికెట్‌ను అడిగి తీసుకుని భద్రపరచండి. జట్టు ఓడిపోయిందని సర్టిఫికెట్ తీసుకోకుండా వచ్చేసిన ఆటగాళ్లు తర్వాత ఇంటర్వ్యూ బోర్డు ముందు ఖాళీ చేతులతో నిలబడడం చూసి నాకు చాలాసార్లు బాధ కలిగింది.

ప్రశ్న: అమెరికాలో ఒక కళాశాల ఫుట్‌బాల్ కోచ్ తర్వాత ‘అథ్లెటిక్ డైరెక్టర్’గా పనిచేసి రిటైరయ్యాడని ఒక వ్యాసంలో చదివాను. ఆ పదవి ఏమిటి? మన దగ్గర దానికి సమానమైనది ఉందా? (ఉద్యోగి, కర్నూలు)

జవాబు: ముందు ఒక విషయం స్పష్టం చేయాలి. అక్కడ కళాశాలల్లో ఫుట్‌బాల్ అంటే మనం ఆడే ఆట కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే, ఒకరినొకరు ఢీకొనే ఆట అది. ఆ ఆటే అక్కడి కళాశాలల క్రీడా పరిపాలనకు పునాది వేసింది.

ఆ చరిత్రకు మంచి ఉదాహరణ ఏమోస్ అలోంజో స్టాగ్. 1862లో పుట్టిన ఆయనను 1892లో కొత్తగా మొదలైన షికాగో విశ్వవిద్యాలయం అధ్యక్షుడు హార్పర్ పిలిపించి, శారీరక విద్యా విభాగానికి అధిపతిగా, అధ్యాపక హోదాతో నియమించాడు. అంతవరకు కోచ్ అంటే సీజన్‌కు వచ్చి వెళ్లే మనిషి. అధ్యాపకుడితో సమానమైన, స్థిరమైన ఉద్యోగంగా ఆ పనిని గుర్తించడం అక్కడ పెద్ద మలుపు. స్టాగ్ 1932 వరకు 41 సీజన్లు అక్కడే శిక్షకుడిగా ఉంటూ క్రీడా విభాగాన్ని కూడా నడిపాడు. డెబ్బై ఏళ్లకు విశ్వవిద్యాలయం విరమణ చేయించినా ఆగకుండా కాలిఫోర్నియాలోని పసిఫిక్ కళాశాలకు వెళ్లి 1946 వరకు శిక్షణ ఇచ్చి, 1965లో 102 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. షికాగోలో ఆయన పేరు పెట్టిన మైదానం గ్యాలరీల కిందే 1942 డిసెంబరు 2న శాస్త్రవేత్తలు తొలి నియంత్రిత అణు గొలుసు చర్యను జరిపారు. ఆ విశ్వవిద్యాలయం అప్పటికే ఫుట్‌బాల్ జట్టును రద్దు చేసుకుంది కనుకనే ఆ చోటు ఖాళీగా ఉంది.

పరిపాలన అవసరం ఎందుకు వచ్చిందో కూడా చెప్పాలి. 1905 నాటికి ఆ ఆటలో గాయాలు, మరణాలు ఎంత పెరిగాయంటే, దేశాధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ పెద్ద కళాశాలల ప్రతినిధులను పిలిపించి ఆటను సరిదిద్దమని చెప్పవలసి వచ్చింది. ఆ కలవరం నుంచే 1906లో కళాశాలల సంఘం ఒకటి పుట్టింది. నేడు ఎన్.సి.ఎ.ఎ. అని పిలిచేది దానినే. ఎవరు ఆడడానికి అర్హులు, చదువులో ఎన్ని మార్కులుండాలి, ఎన్ని గంటలు సాధన చేయించవచ్చు అన్న నియమాలు పెరిగేకొద్దీ వాటిని పాటించే బాధ్యత ఒకరి మీద పెట్టవలసి వచ్చింది. ఆ ఒకరే అథ్లెటిక్ డైరెక్టర్. అన్ని ఆటల కోచ్‌లను నియమించడం, తొలగించడం, బడ్జెట్ తయారుచేయడం, పోటీల పట్టిక కుదర్చడం, మైదానాలు, స్టేడియాలు చూసుకోవడం, దాతల నుంచి విరాళాలు సేకరించడం అన్నీ ఆ పదవిలో ఉన్నవారి పనులే. 1972లో వచ్చిన టైటిల్ నైన్ అనే చట్టం, ప్రభుత్వ నిధులు పొందే విద్యాసంస్థల్లో ఆడ, మగ వివక్ష ఉండకూడదని శాసించడంతో అమ్మాయిల జట్లకు కూడా కోచ్‌లు, వసతులు, ఉపకార వేతనాలు ఏర్పాటు చేయడం అందులో చేరింది.

పెద్ద విశ్వవిద్యాలయాల్లో ఇదంతా కోట్ల రూపాయల వ్యవహారం, కోచ్ వేరు, డైరెక్టర్ వేరు. మన దృష్టికి ఎక్కువ ఉపయోగపడేవి అక్కడి చిన్న కళాశాలలు. ఎన్.సి.ఎ.ఎ. 1973లో కళాశాలలను మూడు శ్రేణులుగా విభజించింది. మూడవ శ్రేణిలో ఆట కోసం ఉపకార వేతనం ఇవ్వరు. అలాంటి చిన్న కళాశాలల్లో ఒకే మనిషి సాయంత్రం కోచ్‌గా, పగలు డైరెక్టర్‌గా పనిచేయడం ఉంది. మన ఫిజికల్ డైరెక్టర్‌కు దగ్గరి బంధువు ఆయనే. విశ్వవిద్యాలయ స్థాయిలో అయితే మన క్రీడా బోర్డు కార్యదర్శి పదవి దానికి దగ్గరగా ఉంటుంది, కానీ మన కార్యదర్శికి కోచ్‌లను నియమించే అధికారం లేదు, నిధులు సేకరించే అలవాటూ లేదు. నా అభిప్రాయంలో మనం అక్కడి నుంచి తీసుకోదగినది స్టేడియాల వైభవం కాదు. శిక్షకుడిని అధ్యాపకుడిగా గౌరవించి, విద్యా మండలి సమావేశంలో అతనికి ఒక కుర్చీ వేయడం తీసుకోదగినది.

ప్రశ్న: నంద్యాల సమీపంలోని ఒక కళాశాలలో ఫిజికల్ డైరెక్టర్‌గా ఇటీవల చేరాను. ఫుట్‌బాల్ ఆటగాడిని. మంచి జట్టును తయారుచేయాలని వచ్చాను, కానీ రోజంతా ఫారాలు, బిల్లులు, ఇతర కమిటీల పనులతో గడిచిపోతోంది. నేను కోచ్‌నా, గుమాస్తానా అనిపిస్తోంది. (కళాశాల ఉద్యోగి, నంద్యాల జిల్లా)

జవాబు: మీ బాధ నాకు అర్థమవుతుంది, కానీ అందులోని విభజనను నేను ఒప్పుకోను. మీరు గుమాస్తా పని అనుకుంటున్నది మీ ఆటగాళ్ల భవిష్యత్తుతో నేరుగా ముడిపడి ఉంది. అంతర్ విశ్వవిద్యాలయ పోటీలను భారత విశ్వవిద్యాలయాల సంఘం నిర్వహిస్తుంది, అందులో ఆడే విద్యార్థికి 25 ఏళ్ల గరిష్ఠ వయోపరిమితి ఉంది. ఎలిజిబిలిటీ ఫారంలో పుట్టిన తేదీ పదో తరగతి సర్టిఫికెట్‌తో సరిపోలకపోయినా, ప్రిన్సిపాల్ ముద్ర ఒక చోట లేకపోయినా, ఏడాదంతా చెమటోడ్చిన కుర్రవాడు గట్టు మీద కూర్చుని మిగతావారి ఆట చూడవలసి వస్తుంది. మంచి పాస్ ఇవ్వడం నేర్పిన కోచ్, ఆ పాస్ ఇచ్చే చోటికి ఆటగాడిని చేర్చలేకపోతే నేర్పిన దానికి ఫలితం ఏముంది?

కనుక కాగితాన్ని తగ్గించుకోవడం కాదు, దానికి కాలం నిర్ణయించడం ముఖ్యం. జూన్, జూలైలలో అడ్మిషన్లు జరుగుతున్నప్పుడే కొత్త విద్యార్థుల్లో ఆడేవారు ఎవరో తెలుసుకుని, వారి పదో తరగతి, ఇంటర్ సర్టిఫికెట్ల నకళ్లు, ఫోటోలు తీసి ఒక్కొక్కరికి ఒక కవరు పెట్టండి. సెలెక్షన్ ట్రయల్స్ ముందు వారం రోజులు మీరు పడే తిప్పలు సగం దానితోనే పోతాయి. ప్రయాణ, దినభత్యాల (టి.ఎ., డి.ఎ.) బిల్లులు జట్టు తిరిగి వచ్చిన మర్నాడే రాసెయ్యండి. బస్సు టికెట్లు పోగొట్టే కుర్రవాళ్లు ప్రతి జట్టులో ఉంటారు, ఆలస్యమయ్యేకొద్దీ ఆ డబ్బు మీ జేబులోంచి పోతుంది. ఏడాది మొదట్లోనే క్రీడా ఫీజు ఖాతాలో ఎంత ఉందో ప్రిన్సిపాల్‌తో, సూపరింటెండెంట్‌తో కూర్చుని లెక్క చూసుకుని, ఏ ఆటకు ఎంత అన్నది రాతలో పెట్టించుకోండి. ఇది మర్యాద కోల్పోయే పని కాదు. ఆ రాత లేకపోతే నవంబరులో బంతులు కొనాలన్నా ఎవరినో బతిమాలుకోవాలి.

మైదానం గంటల విషయంలో మాత్రం పట్టు విడవవద్దు. మన ప్రాంతపు ఎండలో మార్చి తర్వాత సాయంత్రం ఐదుకు ముందు సాధన పెట్టడం ప్రమాదం, ఉదయం ఆరుకు మొదలుపెట్టడం మేలు. ఆ గంటన్నర మీదేనని ప్రిన్సిపాల్‌కు మొదటి నెలలోనే చెప్పి, ఆ సమయంలో ఏ కమిటీ సమావేశానికీ మీ పేరు వేయవద్దని మర్యాదగా కోరండి. మనవి చాలావరకు గట్టి నేలలు. నీళ్లు చల్లకుండా, రోలర్ తిప్పకుండా, రాళ్లు ఏరకుండా ఆడిస్తే మడమలు, మోకాళ్లు దెబ్బతింటాయి. గడ్డి లేని మైదానంలో బంతి ఎగిరి ఎగిరి పడుతుంది కనుక బంతిని మొదటి తాకుడులోనే అదుపులోకి తెచ్చుకోవడం మీద ఎక్కువ సమయం పెట్టండి. పదకొండు మందితో పూర్తి ఆట రోజూ అవసరం లేదు. నలుగురు నలుగురుగా చిన్న చతురస్రాల్లో ఆడిస్తే ప్రతి ఒక్కరికీ బంతి ఎక్కువసార్లు అందుతుంది, మీరు ఒక్కరే చూసుకోగలరు కూడా. ఒక సీనియర్ విద్యార్థిని కెప్టెన్‌గా కాక సహాయకుడిగా తయారుచేయండి, మీరు ఆఫీసులో చిక్కుకున్న రోజు సాధన ఆగకూడదు.

ప్రశ్న: ప్రొద్దుటూరులో ఉంటాం. మా అమ్మాయి ఫుట్‌బాల్ ఆడుతుంది, ఇదే వృత్తి చేసుకుంటానంటోంది. ఆడపిల్లకు కోచ్‌గా భవిష్యత్తు ఉంటుందా? బంధువులు వద్దంటున్నారు. (ఒక తల్లి, కడప జిల్లా)

జవాబు: ఉంటుందమ్మా. 2017లో భారత మహిళల జట్టుకు మేమోల్ రాకీ ప్రధాన శిక్షకురాలయ్యారు, ఆ బాధ్యత చేపట్టిన తొలి మహిళ ఆవిడే. మణిపూర్ క్రీడాకారిణి బెంబెం దేవికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మన తెలుగు అమ్మాయి, నిజామాబాద్‌కు చెందిన గుగులోత్ సౌమ్య భారత జట్టుకు ఆడి, 2022లో క్రొయేషియా క్లబ్బుకు వెళ్లింది. పైన చెప్పిన ఫిజికల్ డైరెక్టర్ అర్హతలు మహిళలకూ అవే, పరుగు పరీక్ష మాత్రం 8 నిమిషాలది, 30 ఏళ్ల లోపువారు 1000 మీటర్లు పూర్తిచేయాలి. మహిళా కళాశాలల్లో, గురుకులాల్లో అమ్మాయిల జట్లను ఊళ్లు తిప్పడానికి మహిళా శిక్షకులే కావాలని యాజమాన్యాలు కోరుకుంటాయి, కానీ దొరికేవారు తక్కువ. మీ బంధువుల భయం ప్రయాణాల గురించి అయితే అది కొట్టిపారేయదగినది కాదు. జట్టు బయటి ఊరికి వెళ్లినప్పుడు బస ఎక్కడ, వెంట మహిళా ఉద్యోగి వస్తున్నారా అని అడిగే హక్కు మీకుంది, అడగండి. సరైన కోచ్ ఆ ప్రశ్నకు నొచ్చుకోరు. మీ అమ్మాయి ఇంకా పాఠశాలలో ఉంటే కడపలోని డాక్టర్ వై.ఎస్.ఆర్. క్రీడా పాఠశాల ప్రవేశాల ప్రకటన కూడా చూడండి.

ప్రశ్న: శిక్షకుడిగా, నిర్వాహకుడిగా రెండింటా రాణించినవారు మన తెలుగు నేల మీద ఉన్నారా? (విశ్రాంత ఉపాధ్యాయుడు, కడప)

జవాబు: ఉన్నారు, అదీ దేశం మొత్తం గుర్తుంచుకోవలసిన మనిషి. హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం మీలాగే ఉపాధ్యాయుడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, పాఠశాలల్లో బోధించి, వ్యాయామ విద్యలో డిప్లొమా పొందారు. 1940ల నుంచి 1963లో మరణించేవరకు హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా ఉన్నారు. అదే కాలంలో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు, 1950 నుంచి భారత జట్టుకు కోచ్. సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. భారత జట్టు 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది.

నిర్వాహకుడిగా ఆయన చేసిన పనిని మనవాళ్లు తక్కువగా చెప్పుకుంటారు. కుర్రవాళ్లకు డ్రిబ్లింగ్ నిషేధించిన టోర్నమెంట్లు, అలవాటు లేని కాలితోనే ఆడాల్సిన టోర్నమెంట్లు పెట్టించారు. బంతిని ఎక్కువసేపు కాళ్ల దగ్గర ఉంచుకోవడం మాని, వెంటనే తోటివాడికి అందించడం, రెండు కాళ్లతోనూ ఆడడం ఉపన్యాసం లేకుండానే పిల్లలకు పట్టుబడింది. కార్యదర్శి హోదా చేతిలో ఉన్నందువల్లనే ఒక కోచ్ ఆలోచన నగరం మొత్తానికి నియమమైంది. తులసీదాస్ బలరాం లాంటివారు ఎదిగింది ఆ నేలలోనే.

శిక్షకుడిగా ఆయన ధైర్యానికి 1962 జకార్తా ఆసియా క్రీడలు చాలు. తొలి దశలో దక్షిణ కొరియా చేతిలో మన జట్టు 0-2తో ఓడింది. తలకు గాయమై కుట్లు పడిన రక్షణ ఆటగాడు జర్నైల్ సింగ్‌ను రహీం ఇంటికి పంపలేదు, ముందు వరుసకు మార్చారు. ఫైనల్లో అదే కొరియా మీద పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒక గోల్ చేయగా 2-1తో స్వర్ణం మనదైంది. అప్పటికే కేన్సర్‌తో బాధపడుతున్న రహీం మరుసటి ఏడాది జూన్‌లో కన్నుమూశారు. మన కళాశాలల్లో ఫిజికల్ డైరెక్టర్ గదిలో ఆయన చిత్రపటం ఉండాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటాను.

ప్రశ్న: మా ప్రైవేటు డిగ్రీ కళాశాలకు మైదానమే లేదు. జట్టు పెట్టవచ్చా? (విద్యార్థి, హిందూపురం)

జవాబు: పెట్టవచ్చు. పూర్తి ఫుట్‌బాల్ మైదానానికి కనీసం 90 మీటర్ల పొడవు, 45 మీటర్ల వెడల్పు కావాలి, కానీ సాధనకు అందులో సగం చాలు. మీ ప్రిన్సిపాల్ సంతకంతో ఒక లేఖ తీసుకుని దగ్గరలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుడిని కలవండి. బడి విడిచాక వారానికి మూడు సాయంత్రాలు మైదానం వాడుకుంటామని, వాడిన తర్వాత శుభ్రం చేసి, బడి పిల్లలకు కూడా కొంతసేపు ఆట నేర్పుతామని ఆ లేఖలోనే రాయండి. అంతర్ కళాశాల పోటీలకు జట్టు పేరు నమోదు చేయించే గడువును విశ్వవిద్యాలయ క్రీడా విభాగం నుంచి ముందే తెలుసుకోండి, గడువు దాటిన తర్వాత ఎంత బతిమాలినా పేరు చేర్చరు.